చక్రం ఆనని సుఖోయ్

అద్దంకి దగ్గర జాతీయ రహదారి మీద సుఖోయ్ యుద్ధవిమానం దిగిందని మా ప్రాంతంలో చాలామంది నమ్మకంగా చెబుతారు. నా ఫోనుకు వచ్చిన వీడియోల మీద కూడా అదే రాసి ఉంది. నిజానికి అది దిగలేదు. 2024 మార్చి 18న, జిల్లాల విభజన దాకా ప్రకాశంలోనే ఉన్న కొరిశపాడు మండలంలో, 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో, అత్యవసరంలో విమానాలు దిగడానికి వీలుగా కట్టిన కాంక్రీటు రహదారి మీదికి సుఖోయ్-30, హాక్ విమానాలు దిగబోతున్నట్టే వచ్చి, చక్రం ఆనించకుండా మళ్లీ పైకి లేచిపోయాయి. దీన్ని వాయుసేన పరిభాషలో ఓవర్‌షూట్ అంటారు. ఆ రోజు రోడ్డు మీద దిగి, మళ్లీ ఎగిరినవి ఏఎన్-32, డోర్నియర్ అనే రవాణా విమానాలు.

ఇందులో వాయుసేన దాచిందేమీ లేదు. ఏ విమానం దిగిందో, ఏది ఓవర్‌షూట్ చేసిందో దాని ప్రకటనలోనే విడివిడిగా ఉంది. ప్రకటన నుంచి ఫోనుకు వచ్చే దారిలో ఆ ఒక్క మాట జారిపోయింది. సుఖోయ్ చెవులు దిమ్మెక్కించే మోతతో తలల మీదుగా దూసుకుపోతుంది. 1984లో మన సేనలో చేరడం మొదలైన ఏఎన్-32 ప్రొపెల్లర్లు తిప్పుకుంటూ, లావుపాటి పొట్టతో, సరుకు లారీలా వచ్చి వాలుతుంది. ఎవరైనా ఫోను దేనివైపు తిప్పుతారో చెప్పనక్కర్లేదు. అయితే రేపు తుపాను వచ్చి ఈ తీరంలో దారులు తెగిపోతే, ఆ రోడ్డు మీదికి బియ్యం, మందులు తేగలిగేది ఆ సరుకు విమానమే. మనకు పనికొచ్చేదానికి పేరు రాలేదు.

సైన్యానికి ప్రదర్శన కొత్త కాదు, తప్పూ కాదు. 1996లో ఏర్పడిన సూర్యకిరణ్ దళం తొమ్మిది విమానాలను రెక్కకు రెక్క ఆనించినంత దగ్గరగా నడిపి చూపిస్తుంటే, కింద నిలబడిన కుర్రవాళ్లలో కొందరికైనా సేనలో చేరాలనిపిస్తుంది. అది దాచిన ఉద్దేశం కాదు. బెంగళూరు యలహంకలో జరిగే ఏరో ఇండియా విమాన ప్రదర్శన అటు వేడుకా, ఇటు అంగడీ. అలాంటి అంగడిలో సరుకును అందరి ఎదుటా ఎగరేసి చూపాలి, దాని ప్రమాదం దానికుంటుంది. 2025 నవంబర్ 21న దుబాయ్ ప్రదర్శనలో మన తేజస్ యుద్ధవిమానం కూలి పైలట్ ప్రాణాలు కోల్పోయినప్పుడు, ఆ దృశ్యం కూడా జనం ఎదుటే నడిచింది. అదే ఏడాది మే నెలలో పాకిస్థాన్‌తో ఘర్షణ నడిచిన రోజుల్లో ఆర్మా-3 అనే వీడియో గేమ్ దృశ్యాలు యుద్ధ వీడియోలుగా చలామణీ అయ్యాయి. వాటిలో ఏ విమానమూ కూలే ప్రమాదం లేదు మరి.

అంకెలకూ ఈ ఓవర్‌షూట్ జబ్బు ఉంది. బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో పెరుగుతున్నవి మన ఒంగోలు జాతి సంతతి పశువులే. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండడం వల్ల ఆ పేరు పడింది. ఆ జాతికి చెందిన వియాటినా-19 అనే ఆవు 43 లక్షల డాలర్లకు, అంటే కోట్ల రూపాయలకు, అమ్ముడైందని ఇక్కడ పండగ చేసుకున్నాం. 2023 వేలంలో అమ్ముడైంది దాని మీద మూడో వంతు హక్కు, సుమారు 14.4 లక్షల డాలర్లకు. దాన్ని మూడుతో హెచ్చవేస్తే వచ్చిందే ఆ 43 లక్షల డాలర్ల విలువ. ఆ వేలంలో అంత సొమ్ము ఎవరూ కట్టలేదు. అయితే బ్రెజిల్ వాళ్లు ఆవు బొమ్మను హైవే పక్కన హోర్డింగుల మీద పెట్టినా, వెనక వంశావళీ బరువుల లెక్కలూ రాసిపెట్టుకున్నారు. మనం హోర్డింగును మాత్రం పంచుకున్నాం.

కరోనా రెండో దశలో, 2021 మేలో, నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య పంచిన నాటుమందుకు ప్రచారం చేయడానికి ఎవరూ పైసా ఖర్చు పెట్టలేదు, మందూ ఉచితమే. కంట్లో చుక్కలు వేశాక తేరుకుని మాట్లాడిన ఒక పెద్దాయన వీడియో వేలమందిని ఆ ఊరి దారి పట్టించింది. కొద్ది రోజులకే ఆయన నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూశారన్న వార్త అంత దూరం ప్రయాణించలేదు. నెలాఖరున మిగతా మందుకు అనుమతిచ్చిన ప్రభుత్వం ఆ చుక్కలను మాత్రం పక్కన పెట్టింది. అక్కడ అమ్మకందారు లేడు కాబట్టి దాన్ని మార్కెటింగ్ అనలేం, కానీ ఇప్పుడు డబ్బు తీసుకుని వైరల్ చేసిపెట్టేవాళ్లు పట్టుకున్న కిటుకు అదే: బాగైన క్షణం వరకే వీడియో ఉండాలి.

ఈ మధ్య నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక కొత్త హోటల్ రీల్ తీస్తుండగా చూశాను. బిర్యానీ గుండిగ మూత మూడుసార్లు తీశారు. మూడోసారికి ఆవిరి రాకపోతే, మసిలే నీళ్ల గిన్నె ఒకటి కెమెరాకు కనబడకుండా గుండిగ వెనక పెట్టించారు. తిన్న కుర్రవాడు కళ్లు మూసుకుని తలాడించాడు. అతని మెతుకులు చల్లారిపోయి చాలాసేపైంది. డబ్బు తీసుకుని చేసే ఇలాంటి వీడియోలో అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది. ‘ఇది ప్రకటన’ అన్న మాటా వాయుసేన రాసిన ఓవర్‌షూట్ అన్న మాట లాంటిదే. ఆ సంగతి యజమానిని అడిగితే ఆయన నవ్వి, “అట్టా రాస్తే ఇంకెవరు చూస్తారు సార్?” అన్నారు.