కాళ్ల సూప్ తాగండి, కాల్షియం మాత్ర మాత్రం ఆపకండి

చలి మొదలైనప్పటి నుంచి మా చుట్టాల గ్రూపుల్లో ఒకటే మెసేజ్. హన్మకొండ వాళ్లు పెట్టారు, జనగామ వాళ్లు పెట్టారు, ఇవాళ పొద్దున కరీంనగర్ నుంచి మా వదిన కూడా పంపింది. మేక కాళ్ల బొక్కలను 24 గంటలు ఉడికించి రోజూ ఒక గ్లాసు తాగితే పది గ్లాసుల పాలంత కాల్షియం వస్తుందట. గర్భిణులు, పెద్దవాళ్లు ఇక మాత్రలు పడేయొచ్చట. అరిగిన మోకాలి గుజ్జు మళ్లీ పెరుగుతుందట. కుక్కర్‌లో వండితే సారమంతా పోతుందట. ఒకసారి కాచి పొయ్యి మీదే ఉంచుకుని, రోజూ మరిగిస్తూ వారమంతా తాగొచ్చట. మా ఇంట్లో కాళ్ల సూప్ అంటే అందరికీ ఇష్టమే. అందుకే ఈ మాటలు చూసి ఊరుకోలేకపోతున్నా.

కుక్కర్ సంగతి ముందు తేల్చేద్దాం. మామూలు గిన్నెలో నీళ్ల వేడి 100 డిగ్రీలు దాటదు, కుక్కర్‌లో 120 దగ్గరికి పోతుంది. బొక్కను అంటుకున్న తోలు, నరాలు త్వరగా కరిగి జెలటిన్ అనే జిగురు పదార్థం అవుతాయి. సారం ఎక్కడికీ పోదు, గ్యాస్ మిగులుతుంది.

ఇప్పుడు అసలు విషయం, కాల్షియం. బొక్కలో కాల్షియం ఉంది కాబట్టి అది ఉడికిన నీళ్లలోకి వచ్చేస్తుందని అనుకుంటున్నారు. బొక్కలో అది గట్టి ఖనిజంగా ఉంటుంది. ఎన్ని గంటలు మరిగించినా బయటికి దిగేది చాలా తక్కువ. నిమ్మరసమో టమాటానో వేస్తే ఇంకాస్త దిగుతుంది, అయినా పాల దరిదాపుల్లోకి రాదు. గ్లాసు పాలలో సుమారు 300 మిల్లీగ్రాములు ఉంటుంది. 100 గ్రాముల రాగుల్లో అంతకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. పది గ్లాసుల పాలకు ఒక గ్లాసు సూప్ సమానమని రాసినవాళ్లు ఏ లెక్క చూసి రాశారు?

లెక్క తప్పితే తప్పింది, మాత్రలు పడేయమనడం ఏమిటి? గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకు రెండు కాల్షియం మాత్రలు, ఒక్కోటి 500 మిల్లీగ్రాములది, కాన్పయ్యాక ఆరు నెలల దాకా ఇవ్వాలన్నది ప్రభుత్వ పద్ధతి. అది ఒక్క బొక్కల బలం కోసం కాదు. తిండిలో కాల్షియం తక్కువైన తల్లులకు బీపీ పెరిగి గుర్రపువాతం దాకా వెళ్లే ప్రమాదాన్ని ఆ మాత్రలు తగ్గిస్తాయి. గుర్రపువాతం వస్తే ఫిట్స్‌తో తల్లీబిడ్డల ప్రాణం మీదికి వస్తుంది. మా వదిన కూతురికి ఇప్పుడు ఆరో నెల. ఆ పిల్ల ఈ మెసేజ్ నమ్మి మాత్రలు ఆపేస్తే జవాబు ఎవరు చెప్తారు? ఫార్వర్డ్ చేసినవాళ్లు వచ్చి ఆసుపత్రిలో కూర్చుంటారా? మాత్ర కడుపులో మంట పెడితే అన్నం తిన్నాక వేసుకోవాలి, ఐరన్ మాత్రతో కలిపి వేసుకోవద్దు, అప్పటికీ ఇబ్బందిగా ఉంటే ఏఎన్‌ఎమ్మమ్మను అడగాలి. అంతేగానీ మానేయడం కాదు.

మోకాలి గుజ్జు మాటకొస్తే, గుజ్జు తాగితే గుజ్జు పెరిగేదైతే భేజా ఫ్రై తిన్నవాళ్లందరికీ తెలివి పెరగాలి. తాగిన జెలటిన్ కడుపులో అరిగి ముక్కలైపోతుంది, అది నేరుగా మోకాలికి వెళ్లి అతుక్కోదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. జెలటిన్‌కు మూలమైన కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను పొడిగా చేసి కొలత ప్రకారం ఇస్తే మోకాళ్ల నొప్పి కొద్దిగా తగ్గినట్టు కొన్ని పరీక్షల్లో కనిపించింది. కానీ అరిగిన గుజ్జు తిరిగి పెరిగిందని కాదు, పైగా మన గిన్నెలో ఆ కొలత ఉండదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మోకాలి నొప్పి యూరిక్ యాసిడ్ వల్ల వచ్చిందైతే, మాంసం ఉడికిన నీళ్లలోకి దిగే ప్యూరిన్లతో (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలతో) నొప్పి ఇంకా పెరగొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా రోజూ తాగకూడదు.

చివరిది, వారమంతా పొయ్యి మీద ఉంచే సంగతి. మరిగిస్తే క్రిములన్నీ చస్తాయన్నది సగం నిజమే. కొన్నింటి బీజాలు మరుగును కూడా తట్టుకుని, గోరువెచ్చని సూప్‌లో మళ్లీ పెరుగుతాయి. కొన్ని క్రిములు వదిలిన విషం ఎంత మరిగించినా పోదు. కాబట్టి సూప్ దించగానే వెడల్పు గిన్నెల్లో పోసి, చన్నీళ్ల టబ్‌లో పెట్టి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు, నాలుగు రోజుల్లో అయిపోగొట్టండి. ఎక్కువైతే ఫ్రీజర్‌లో పెట్టి, ఏ పూటకు కావాల్సింది ఆ పూటకే తీసి మరిగించుకోండి.