కూరే యాల ఏసినావు

గుడి పండగ పూజలో గ్రెగోరియన్ గానం, అంటే పాతకాలపు లాటిన్ పూజపాట, పాడించాలని మా కొత్త ఫాదర్ గారికి కోరిక పుట్టింది. కడపలో హార్మోనియం నేర్పుకుంటూ బతికే నా చేతికి ఆ కోరిక జిరాక్సు కాగితాలుగా వచ్చింది.

"1963లో వాటికన్ మహాసభే చెప్పింది సార్, పూజలో ఈ గానానికి మొదటి పీట వేయాలని" అన్నారు ఫాదర్. నిజమే. అయితే ఆ వాక్యంలోనే 'తక్కినవన్నీ సమానంగా ఉంటే' అనే ముక్క కూడా ఉంది. మా పాటల బృందంలో తక్కినవి ఏనాడు సమానంగా ఉన్నాయి? పండగ ముందు వాదన ఎందుకులే అని ఊరుకున్నాను.

కాగితంలో గీతలు నాలుగే. వాటిమీద నల్లటి చదరపు చుక్కలు, చీమలు బెల్లం ముక్కలు మోసుకుపోతున్నట్టు. 'కీరియే ఎలేయిసోన్'. లాటిన్ పూజలో నిలిచిపోయిన గ్రీకు మాట, ప్రభువా దయచూపండి అని అర్థం. 'కీరియే' అన్న ఒక్క మాటకే బోలెడన్ని స్వరాలు. తాళం లేదు. తాళం లేని పాట మావాళ్ళకు ఉప్పులేని సంగటి. పని పోయిన డోలక్ అబ్బాయి ఆగలేక తొడమీద ఆదితాళం వేసుకునేవాడు. "ఆలాపన అనుకోండి" అని ఒక్క మాట జారాను, అంతే, ఎవరి ఆలాపన వాళ్ళు మొదలుపెట్టారు.

ఫాదర్ కూడా శ్రద్ధగా నేర్చుకున్నారు. గొంతు మంచిదే గానీ, శ్రుతి ఇచ్చేలోపే తనకు తోచిన చోట ఎత్తుకునేవారు. పైస్వరం వచ్చేసరికి మడమలు లేచేవి.

ఊపిరి దగ్గర వచ్చింది అసలు తంటా. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాట తెగుతుంది, పక్కవాళ్ళు పాడుతుండగా ఒక్కొక్కరే దొంగతనంగా తీసుకోవాలి. నెల రోజులు ఇదే పాఠం. "నా చెయ్యి పైకి లేచి పిడికిలి బిగిస్తేనే ఆపాలి, అంతదాకా ఆపొద్దు" అని మరీ మరీ చెప్పాను. పాపం, బాగా నేర్చుకున్నారు.

ముందు వరసలో ఒక అవ్వ. చదువు రాదు, కాగితం తలకిందులుగా పట్టుకుంటుంది, కళ్ళు మూసుకుని పాడుతుంది. గుంపులో మంచి గొంతు ఆమెదే కాబట్టి ఒంటరిగా ఎప్పుడూ పాడించలేదు. తప్పు నాదే.

పండగ రోజు, ఏప్రిల్ ఎండ. గుడి నిండా జనం, పైన తిరగని ఫ్యాను, నా లోపల టెన్షన్. పాట ఎత్తుకున్నారు. అబ్బ, ఎంత బాగా వచ్చిందో! పైస్వరం దగ్గరికి వచ్చేసరికి చెమట కంట్లోకి కారింది. చెయ్యెత్తి, జేబురుమాలు పిడికిట్లో బిగించి నుదురు తుడుచుకున్నాను.

నలభై గొంతులు టక్కున ఆగిపోయాయి. ఫాదర్ మునివేళ్ళ మీదే నిలబడిపోయారు. ఆ నిశ్శబ్దంలో కళ్ళు మూసుకున్న అవ్వ గొంతు ఒక్కటే, గంటలా:

"కూరే... యాల... ఏసినావూ..."

రాగం ఒక్క స్వరం తప్పలేదు. దాన్ని మాత్రం ఒప్పుకోవాలి.

మొదట నవ్వింది బలిపీఠం దగ్గర సాంబ్రాణి పట్టుకున్న పిల్లాడు. ఫాదర్ పుస్తకంలోకి మొహం దించేశారు, భుజాలు కదులుతుంటే భక్తి అనుకున్నారు వెనకవాళ్ళు. నేను మళ్ళీ చెయ్యి ఎత్తడానికి భయపడి కనుబొమలతోనే పాట నడిపించాను.

పూజ అయ్యాక షామియానా కింద భోజనాలు. అవ్వ ఆకు ముందు వంకాయ కూర గరిటెతో నిలబడ్డాను. అవ్వ తలెత్తి చూసి అంది:

"ఏం సారూ, నెల దినాలు అన్నిసార్లు అడిగితిమి గదా, కూర యాల ఏసినాడో ఒక్కరన్నా చెప్పిరా?"