బస్తాలోని నత్రజని పైరుకు చేరాలి

2025 వానాకాలంలో ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల సొసైటీల ముందు రైతులు పాస్‌బుక్కులు, చెప్పులు వరుసలో పెట్టి యూరియా కోసం కాచుకున్నారు. బస్తాలు అదునుకు తెప్పించడం ప్రభుత్వాల బాధ్యత. అందులో వాదనకు తావు లేదు. కానీ అంత తిప్పలు పడి తెచ్చుకున్న బస్తాలోంచి వరి పైరుకు అందే నత్రజని సాధారణంగా మూడోవంతు నుంచి 40 శాతం లోపే. మిగతాదాంట్లో కొంత మట్టిలో ఉండిపోతుంది, ఎక్కువ భాగం గాలికీ నీటికీ పోతుంది. కోటా గురించి ఎంత గట్టిగా అడుగుతున్నామో, ఈ నష్టం గురించీ అంతే గట్టిగా అడగాలన్నది మా అభిప్రాయం.

45 కిలోల బస్తాలో 46 శాతం లెక్కన 20.7 కిలోల నత్రజని ఉంటుంది. గాలిలో 78 శాతం నత్రజనే అయినా పైరు దాన్ని నేరుగా తీసుకోలేదు. ఆ అణువును విడదీసి హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియాగా మార్చాలంటే ఇనుప ఉత్ప్రేరకం మీద 400 నుంచి 500 డిగ్రీల వేడి, మామూలు గాలి పీడనానికి నూరు రెట్లు దాటిన ఒత్తిడి కావాలి. హైడ్రోజన్ కోసం సహజవాయువును ఆవిరితో విడగొట్టాలి. రామగుండంలో 1980లో మొదలై 1999లో మూతపడిన పాత కర్మాగారం బొగ్గుతో నడిచింది. అక్కడే 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త కర్మాగారం గ్యాస్‌తో నడుస్తోంది, దాని సామర్థ్యం ఏటా 12.7 లక్షల టన్నులు. టన్ను యూరియాలోకి దాదాపు 570 కిలోల అమ్మోనియా, 730 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెళ్తాయి. పొలంలో యూరియా విడిపోయినప్పుడు ఆ కార్బన్ డయాక్సైడ్ తిరిగి బయటపడుతుంది. రైతు బస్తాకు కట్టే రూ.266.50 వెనక మళ్లీ పుట్టని ఇంధనం ఇంత ఖర్చవుతోంది.

పొలంలో జరిగేది ఇది. మట్టిలో, నీళ్లలో ఉండే యూరియేజ్ అనే ఎంజైమ్ యూరియాను రెండు మూడు రోజుల్లోనే అమ్మోనియం కార్బొనేట్‌గా మారుస్తుంది. అది చుట్టూ క్షారగుణం పెంచుతుంది. మడిలో నాచు ఉంటే సంగతి ఇంకా ముదురుతుంది. ఎండలో నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేయడంతో మధ్యాహ్నానికి పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత (7 దాటితే క్షారం), 9 దాటవచ్చు. పీహెచ్ 9.25 దగ్గర అమ్మోనియంలో సగం అమ్మోనియా వాయువుగా ఉంటుంది, నీరు వేడెక్కినకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. పైన గాలి వీస్తే అది ఎగిరిపోతుంది. నిండా నీళ్లున్న మడిలో చల్లిన యూరియాలో, పరిస్థితి బాగా లేకపోతే, సగం దాకా ఇలాగే పోతుంది. యూరియాలో బూడిద కలిపి చల్లడం కూడా తప్పే, బూడిద క్షారం కాబట్టి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 2015 నుంచి దేశంలో యూరియా అంతా వేప పూతతోనే వస్తోంది కాబట్టి నష్టం ఆగిందని అనుకుంటారు. వేప పూత అడ్డుకునేది మట్టిలోని అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గా మారే దశను. యూరియా విడిపోవడాన్ని, అమ్మోనియా ఎగిరిపోవడాన్ని అది ఆపలేదు. ఆ పని వేసే పద్ధతే చేయాలి.

మొదటి దఫా నత్రజని ఆఖరి దమ్ములో వేసి బురదలో కలియదున్నాలి. గాలి సోకని ఆ పొరలో అది అమ్మోనియంగానే నిలుస్తుంది. దుబ్బు కట్టే దశలో ఒక దఫా, అంకురం ఏర్పడే దశలో ఒక దఫా వేసేటప్పుడు మడిలో నీళ్లు తీసేసి బురద పదునులో చల్లాలి. 36 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీరు పెట్టాలి. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి, లేదంటే 250 కిలోల తేమ ఉన్న మెత్తటి మట్టి కలిపి రెండు రోజులు నిల్వ ఉంచి చల్లితే ఇంకా మంచిది. అయితే ఆరబెట్టడం ఎక్కువైతే మరో దారిలో నష్టం. నేల పగుళ్లిచ్చేదాకా ఆరితే అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గా మారుతుంది, తిరిగి నీరు పెట్టగానే సూక్ష్మజీవులు ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మార్చేస్తాయి. నూరేళ్ల లెక్కన నైట్రస్ ఆక్సైడ్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు.

ఇవన్నీ రైతులకు తెలియనివి కావు. మడిలో నీళ్లు తీసేయడానికి వాళ్లు జంకేది, తీసేసిన నీరు మళ్లీ వస్తుందో రాదోనన్న భయంతో. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ మీద ఆధారపడ్డ ఆయకట్టులో, ముఖ్యంగా చివరి భూముల్లో, వంతు తప్పితే పది రోజులు ఎదురుచూడాల్సి వస్తుందని తెలిసిన రైతు మడి నింపుకునే ఉంటాడు. ఆ నిండు మడిలోనే యూరియా చల్లుతాడు. నీటి షెడ్యూలును ముందే ప్రకటించి, ప్రకటించినట్టు వదలడం ఎరువు ఆదా చేసే పని కూడా. నీటిపారుదల శాఖ, వ్యవసాయ శాఖ ఒకే బల్ల దగ్గర కూర్చుని వంతులను ఎరువు వేసే రోజులతో కలిపి నిర్ణయించాలని మేం కోరుతున్నాం.

ఎంత వేయాలన్నదీ చూద్దాం. వానాకాలం వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని అనుకుంటే, 50 కిలోల డీఏపీ వేసినప్పుడే అందులో 9 కిలోలు వచ్చేస్తాయి. మిగిలిన 39 కిలోలకు 85 కిలోల యూరియా, అంటే రెండు బస్తాల లోపే చాలు. మూడు, నాలుగు బస్తాలు చల్లిన మడి నల్లగా నిగనిగలాడుతుంది. ఆ లేత పైరు మీదే దోమపోటు, అగ్గితెగులు విరుచుకుపడతాయి. గింజ పాలు పోసుకునే వేళకు చేను పడిపోతుంది. ఆకుల మీద పిచికారీ చేసే నానో యూరియా అర లీటరు సీసా ఒక బస్తాకు సమానమన్న ప్రచారానికీ లెక్క కుదరదు. 4 శాతం నత్రజని ఉన్న సీసాలో ఉండేది 20 గ్రాములు, 20 శాతం ఉన్నదాంట్లో నూరు గ్రాముల పైచిలుకు.

పైదఫా అవసరమా కాదా అన్నది ఆకు రంగు పట్టిక, అంటే లేత నుంచి ముదురు దాకా ఆకుపచ్చ రంగులకు వరుసగా అంకెలు వేసిన పట్టిక, చెబుతుంది. నాటేసిన 14వ రోజు నుంచి వారం వారం, ఉదయం పూట, ఎండ నేరుగా పడకుండా మన నీడలో, పూర్తిగా విచ్చుకున్న పైఆకులు పదింటిని పోల్చాలి. ఆరు ఆకులు నిర్ణీత రంగు కంటే పాలిపోయి ఉంటేనే ఎరువు వేయాలి. చాలా రకాలకు ఆ రంగు గీటు 4వ అంకె, నత్రజనికి తక్కువ స్పందించే రకాలకు 3. ఈ ప్లాస్టిక్ పట్టికను సొసైటీలు బస్తాతో పాటే ఇవ్వవచ్చు. మన దగ్గరి రకాలకు ఏ గీటు పెట్టాలో వరంగల్, జగిత్యాల పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాలు దాని మీదే తెలుగులో అచ్చు వేయించాలి.

చెల్క భూముల సంగతి వేరు. అమ్మోనియంకు ధనావేశం, బంకమట్టి రేణువులకు రుణావేశం. అందుకే బంకమట్టి దాన్ని పట్టి ఉంచుతుంది. ఇసుక పాలు ఎక్కువైన ఎర్ర చెల్కలో పట్టే రేణువులే తక్కువ. నైట్రేట్‌ను ఏ నేలా గట్టిగా పట్టదు, అది వానతో కిందికి దిగి బావి నీళ్లలో కలుస్తుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. చెల్కకు మందు పాకాల, రామప్ప, లక్నవరం కట్టిన కాలం నుంచీ మన ఊళ్లలోనే ఉంది, చెరువు పూడిక మట్టి. ఎకరంలో ఒక సెంటీమీటరు మందం పరచాలంటే 40 ఘనపు మీటర్లు, అంటే మూడు ఘనపు మీటర్లు పట్టే ట్రాక్టర్ ట్రాలీలు 13 దాకా కావాలి. 40 ట్రాలీలు తోలి పైపొరలో కలియదున్నితే చెల్క నీటినీ, ఎరువునూ నిలుపుకుంటుంది. నల్లరేగడికి ఇది అక్కర్లేదు, అక్కడ నీరు నిలిచి వేళ్లు దెబ్బతింటాయి.

2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతకు ఊపు తెచ్చింది. ఇప్పుడు మట్టి పొలానికి బదులు ఇటుక బట్టీలకు తరలకుండా గ్రామ పంచాయతీలు చూడాలి. పూడిక దాటి గట్టి అడుగు పొరను తవ్వితే చెరువులో నీరు నిలవదు, కాబట్టి ఎంత లోతు తీయాలో ముందే గుర్తు పెట్టాలి. పట్టణ మురుగు చేరే చెరువుల మట్టిని ఉప్పు శాతం, భారలోహాల పరీక్ష లేకుండా పొలాలకు తోలనివ్వకూడదు. ఈ పరీక్షలు ఎండాకాలం మొదట్లోనే చేసి, ఏ చెరువు మట్టి ఏ నేలకు పనికొస్తుందో ప్రతి పంచాయతీ గోడ మీద రాయాలి. తోలకం మొదలయ్యాక వచ్చే నివేదికతో రైతుకు ఒరిగేదేమీ లేదు.