నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొడుతూనే ఉండమన్న మహానుభావుడికి

వాన పడితే చాలు, ఆ మెసేజ్ మళ్లీ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. నిన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ముగ్గురు పెట్టారు. అందులో ఉన్నది ఇదీ: నీళ్లలో బండి ఆగితే వదలకుండా సెల్ఫ్ కొట్టండి, ఆ వేడికి తడి ఆరిపోతుంది, నీళ్లు లోపలికి పోయేది సైలెన్సర్ నుంచే, కాబట్టి ఎక్సలేటర్ గట్టిగా ఇస్తే చాలు, ఒకసారి స్టార్ట్ అయిందంటే ఇక భయం లేదు, ఏమైనా అయితే ఇన్సూరెన్స్ ఉంది.

ముందు సెల్ఫ్ సంగతి. సిలిండర్‌లో పిస్టన్ పైకొచ్చి నొక్కేది గాలిని. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. నడుస్తున్న ఇంజిన్ నీళ్లు మింగితే పిస్టన్‌ని కిందినుంచి తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఆగిన ఇంజిన్‌ని సెల్ఫ్‌తో తిప్పినా, ముఖ్యంగా కార్లలో, అదే ప్రమాదం. అదృష్టం బాగుంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటారుతో పోతుంది. ఇక ఆ వేడికి తడి ఆరడం అంటారా, వేడెక్కేది సెల్ఫ్ మోటారు, సిలిండర్ కాదు.

సైలెన్సర్ మాట సగం నిజం. ఇంజిన్ నడుస్తున్నంతసేపు పొగ బయటికి తోస్తుంది కాబట్టి అటునుంచి నీళ్లు రావు, నిజమే. కానీ ఇంజిన్ ఊపిరి పీల్చేది ఎయిర్ ఫిల్టర్ నుంచి కదండీ! గుంటూరు కంకరగుంట అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచినప్పుడు పక్కనుంచి ఆటో పోతే అల లేచి ఎక్కడిదాకా వస్తుందో చూసే ఉంటారు, ఆ సమయంలో మీరు ఎక్సలేటర్ గట్టిగా తిప్పితే ఇంజిన్ ఇంకా గట్టిగా పీలుస్తుంది, గాలితో పాటు నీళ్లనీ. తప్పనిసరై వెళ్లాల్సి వస్తే ఫస్ట్ గేర్‌లో, ఒకే వేగంతో, నెమ్మదిగా. లోతు తెలియకపోతే అసలు దిగొద్దు.

మూడోది, ఒకసారి స్టార్ట్ అయితే భయం లేదన్నది, నాకు ఒళ్లు మండే పాయింట్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ మీద పడినప్పుడు మా బాబాయి బైకు రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. నీళ్లు తీశాక ఎండలో పెట్టి, ప్లగ్ తుడిచి కిక్ కొడితే నాలుగైదు కిక్కులకి స్టార్టయింది. వీధంతా చప్పట్లు. దాని మీదే ఆటోనగర్ బయల్దేరాడు, దారిలోనే ఇంజిన్ పట్టేసింది. మెకానిక్ కింద బోల్టు విప్పితే ఆయిల్ బదులు చిక్కటి టీ లాంటిది కారింది, అడుగున ఒండ్రు. "తోసుకొచ్చుంటే ఆయిల్ మార్చేస్తే సరిపోయేది సార్" అన్నాడు. బోరు, పిస్టన్ అన్నీ మార్చాల్సి వచ్చింది.

అలాగని ఆగిన ప్రతి బండికీ ఇంజిన్‌లోకి నీళ్లు పోయినట్టు కాదు. చాలాసార్లు ప్లగ్ క్యాప్ తడుస్తుంది, అంతే. పొడి గుడ్డతో తుడిచి అరగంట ఆగితే దారికొస్తుంది. నీళ్లు చక్రం సగానికి మించి వచ్చాయనిపిస్తే మాత్రం తాళం ఆపేసి, మెరక మీదికి తోసి, ముందు ఆయిల్ రంగు చూడండి. తెల్లగా, పాలు కలిసినట్టుంటే కిక్ మీద కాలు కూడా పెట్టొద్దు. ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉన్నా అంతే. ప్లగ్ విప్పేసి ఇంజిన్ తిప్పితే లోపలి నీళ్లు ఆ రంధ్రంలోంచి చిమ్ముకొస్తాయి, ఆ పని మెకానిక్‌కి వదిలేయడం మేలు.

ఇన్సూరెన్స్ అంటారా, థర్డ్ పార్టీ అయితే మీ బండికి రూపాయి రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, నీళ్లలో మునిగాక మీరే స్టార్ట్ చేసి ఇంజిన్ పాడుచేసుకున్నారని క్లెయిమ్ తిప్పికొట్టడం మామూలే. ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా కట్టే కవర్ ఒకటుంది, మీ పాలసీలో అది ఉందో లేదో ఈ వానలు ముదరకముందే చూసుకోండి. మా బాబాయిది వట్టి థర్డ్ పార్టీ. ఆయన ముందు ఆ టాపిక్ ఎత్తొద్దు.