సవరణ: బూస్ట్‌లో ఫ్యూయల్ ప్రెషర్ కదలకపోతే మంచిది కాదు

టర్బో బండి లీన్ అవడం (గాలికి తగ్గ పెట్రోలు అందకపోవడం) గురించిన పాత పోస్టులో "బూస్ట్‌లోనూ ప్రెషర్ 3 బార్ దగ్గరే నిలబడితే పంపు బాగున్నట్టే" అని రాశాం. అది తప్పు.

రిటర్న్ లైను (మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగెళ్లే దారి) ఉండి, ఫ్యూయల్ ప్రెషర్‌ని అదుపు చేసే రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) నుంచి గొట్టం తగిలించిన బండ్లలో బూస్ట్ (టర్బో నెట్టే అదనపు గాలి ఒత్తిడి) ఎంత పెరిగితే ఫ్యూయల్ ప్రెషర్ అంత పెరగాలి. గొట్టం పీకినప్పుడు 3 బార్ ఉంటే, 1 బార్ బూస్ట్‌లో 4 రావాలి. 3 దగ్గరే ఆగితే, ఎదురుగా మానిఫోల్డ్‌లో 1 బార్ బూస్ట్ ఉంటుంది కాబట్టి ఇంజెక్టర్‌కి మిగిలే తేడా 2 బారే. పెట్రోలు దాదాపు 18 శాతం తగ్గి, లాంబ్డా (గాలి-పెట్రోలు పాళ్ల కొలత; అంకె పెరిగితే పెట్రోలు తక్కువైనట్టు) 0.80 రావాల్సిన చోట 0.98 వస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో అది పిస్టన్లు కరిగించే అంకె.

పంపు కొనే ముందు ఆ గొట్టం చూడండి, వేడికి పెళుసెక్కి పగిలిందేమో. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, గొట్టం మానిఫోల్డ్ వైపు ఊడదీసి (అటు రంధ్రం మూసి), గేజి ఉన్న చేతిపంపుతో 1 బార్ గాలి కొట్టండి. ప్రెషర్ 4కి ఎక్కితే రెగ్యులేటర్ మంచిదే. రోడ్డు మీద ప్రెషర్ కాసేపు ఎక్కి, ఆర్‌పీఎం పెరిగాక జారిపోతుంటే అప్పుడు అనుమానం ఫిల్టర్ మీద, పంపు మీద. పంపు కనెక్టర్ దగ్గర ఓల్టేజి కూడా చూడాలి: బ్యాటరీ దగ్గర 13.8 ఉండి అక్కడ 12 వస్తుంటే దోషం వైరుది, రిలేది లేదా ఎర్త్‌ది.

రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉండే రిటర్న్‌లెస్ బండ్లకి ఇది వర్తించదు.

ఇంకోటి. ఇంజన్ ఆపి కీ ఆన్ చేస్తే మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) 100 కిలోపాస్కల్స్ చూపాలన్నాం. అది చెన్నై లెక్క. మారతహళ్లిలో కొలిస్తే 91 దగ్గరే ఉంటుంది, బెంగళూరు ఎత్తు 900 మీటర్ల పైమాటే కదా. సెన్సర్ మార్చకండి.