నంబరు ప్లేటు చదివితే సరిపోదు

నార్కట్‌పల్లి దాటాక 65వ నంబరు జాతీయ రహదారిపై 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ సెకనుకు 22 మీటర్లు దాటేస్తుంది. డివైడర్ సందులోంచి తిరిగే బైకు, మట్టిబాట మీంచి రోడ్డెక్కే వడ్ల ట్రాక్టరు ముందుగా డ్రైవరు ఓరకంటనే పడాలి. నీటికాసులు మొదట మింగేది ఆ ఓరచూపునే.

డాక్టర్లు గ్లకోమా అనే ఈ జబ్బులో కంటిలోని ద్రవం సరిగా బయటకు పోక ఒత్తిడి పెరుగుతుంది, చూపును మెదడుకు చేర్చే నరం దెబ్బతింటుంది. మామూలు ఒత్తిడి 10 నుంచి 21 పాదరస మిల్లీమీటర్లు. అంతలోనే ఉన్నా నరం పాడయ్యేవారూ ఉన్నారు కనుక ఒత్తిడి ఒక్కటే కొలిచి పంపేయకూడదు, నరాన్నీ చూడాలి. ఎక్కువమందిలో నొప్పి ఉండదు, మోతిబిందులా (శుక్లంలా) మసకా రాదు. చూపు పోయినచోట నల్లమచ్చైనా కనిపించదు. ఆ ఖాళీని చుట్టూ ఉన్న దృశ్యంతో మెదడే పూడ్చేస్తుంది. ప్రమాదం తర్వాత ‘ఎటునుంచి వచ్చిండో కనపడలే’ అన్న ప్రతి డ్రైవరూ అబద్ధమాడుతున్నాడనుకోనక్కర్లేదు. కిందివైపు చూపు తగ్గితే స్పీడు బ్రేకర్లు, గుంతలు, రోడ్డుపై ఆరబోసిన వడ్ల అంచున పేర్చిన రాళ్లు తప్పిపోతాయి. పైవైపు తగ్గితే సిగ్నళ్లు, బోర్డులు.

రవాణా వాహనాలు నడిపేవారు, 40 దాటినవారు లైసెన్సు కోసం ఫారం 1ఏ వైద్య ధ్రువపత్రం ఇవ్వాలి. పగటి వెలుగులో 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదవగలరా, ఎరుపు, ఆకుపచ్చ గుర్తుపడతారా, రేచీకటి ఉందా అన్నవి అందులో కంటికి సంబంధించిన ప్రధాన ప్రశ్నలు. నీటికాసులు బాగా ముదిరినవాడూ వీటిలో నెగ్గగలడు, ఎదుటి చూపు చాలాకాలం నిలుస్తుంది కాబట్టి. బ్రిటన్‌లో కారు నడపాలన్నా రెండు కళ్లతో అడ్డంగా కనీసం 120 డిగ్రీల మేర కనపడాలి. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు పథకం మన పల్లెల్లో ఎందరికో అద్దాలు పెట్టింది. ఈ జబ్బుకు అద్దాలు పనిచేయవు.

కనీస పరీక్షకు యంత్రం అక్కర్లేదు. మీటరు దూరంలో ఎదురెదురుగా కూర్చుని, ఒక కన్ను మూయించి, పరీక్ష చేసేవారి ముక్కునే చూడమని, నాలుగు మూలల నుంచి వేళ్లు ఆడిస్తూ లోపలికి తేవాలి. రెండు కళ్లకూ కలిపి రెండు నిమిషాలు. ఇది పెద్ద లోపాలనే పట్టగలదు. అనుమానం వస్తే జిల్లా ఆసుపత్రిలో నరాన్ని, దృష్టి క్షేత్రాన్ని (చూపు ఎంత మేర ఉందో) చూపించుకోవాలి.

బండి లాక్కుంటారన్న భయంతోనే చాలామంది చూపించుకోరు. పోయిన చూపు రాదు, మిగిలింది మాత్రం చాలామందిలో చుక్కల మందుతో నిలుస్తుంది. తొందరగా పట్టుబడితే స్టీరింగ్ చేతిలోనే ఉంటుంది. చుక్క వేశాక కంటి లోమూలను రెండు నిమిషాలు నొక్కి పట్టాలి, రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగాలి. ఆస్తమా ఉంటే టిమోలాల్ అనే చుక్కల మందు వాడేముందు డాక్టరుకు చెప్పి తీరాలి. కళ్లు ఎర్రబడ్డాయని మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకుని నెలల తరబడి వేసుకునే అలవాటు నీటికాసులను కొనితెచ్చుకోవడమే. ఇంట్లో ఒకరికి ఉంటే తోబుట్టువులు, పిల్లలూ పరీక్ష చేయించుకోవాలి.

జూన్‌లో బడులు తెరిచేలోపు నల్లగొండ, మహబూబ్‌నగర్ రవాణా కార్యాలయాలు స్కూలు బస్సుల బ్రేకులు, అద్దాలు తనిఖీ చేస్తాయి. ఆ బస్సుల డ్రైవర్లకు ఈ రెండు నిమిషాల పరీక్షను అదే రోజు, అదే ఆవరణలో, వచ్చే తనిఖీ నుంచే మొదలుపెట్టాలి.