ఇంటింటా ఒక ఎయిర్‌లైన్స్

ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపేవాళ్ళను చూసి లోకం నవ్వుతుంది. నలభై దాటిన మనిషి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కదలని కుర్చీలో కూర్చుని, లేని ప్రయాణికులకు బెల్టులు పెట్టుకోమని చెబుతుంటే నవ్వు రావడం సహజమే. నవ్వేవాళ్ళ ఆరోపణ ఒక్కటే: ఇదంతా ఉత్తుత్తి వ్యవహారం, అసలు విమానయానానికీ దీనికీ పొంతనే లేదు.

ఈ ఆరోపణను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. హోమ్ సిమ్యులేటర్ విమానాన్ని ఎంతవరకు అనుకరిస్తుందన్నది పండితులు తేల్చుకుంటారు. విమానయాన సంస్థను మాత్రం అచ్చుగుద్దినట్టు అనుకరిస్తుంది. ఆలస్యాలు, మెయింటెనెన్స్, పెరిగిపోయే ఖర్చులు, రద్దయిన సర్వీసులు, వాటాదారుల ఆగ్రహం, ఏదీ తక్కువ కాదు. మన దేశంలో కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఎగరడం మానేశాయి. మా సిమ్మర్లలో, అంటే ఇలా ఇంట్లో సిమ్యులేటర్ నడిపేవాళ్ళలో, చాలామంది అంతకుముందే మానేశారు. అయినా ఒక్కరు కూడా సంస్థ మూసేయలేదు. కొత్త కొనుగోళ్ళు జరుగుతూనే ఉన్నాయి.

కనుక ఈ రంగంలో అడుగుపెట్టదలచిన గృహస్థు ముందుగా సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. అంగడికి వెళ్ళి సరుకు కొన్నట్టే అనుకునేరు. ఇది హీరోల అభిమాన సంఘంలో చేరడం లాంటిది. ఒకసారి చేరాక అవతలి హీరో సినిమా బాగుందని అనకూడదు.

మైక్రోసాఫ్ట్ వర్గం అన్నిటికన్నా పెద్దది. 1982లో ఐబీఎం పీసీ మీద మొదలైంది. దాని మూలపురుషుడు బ్రూస్ ఆర్ట్‌విక్ అంతకుముందే ఆపిల్ కంప్యూటర్ తెర మీద నాలుగు గీతలు గీసి, ఇదే భూమి అనుకోండి అన్నాడు. జనం అనుకున్నారు. 2020లో వచ్చిన వెర్షన్‌లో ఉపగ్రహ చిత్రాలతో మొత్తం భూగోళాన్ని నిలబెట్టారు. దాని వెనకున్న డేటా రెండు పెటాబైట్ల పైమాటే. నాలుగు గీతల కాలంలో గ్రాఫిక్స్ మీద ఎవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు. ఇప్పుడు మాత్రం టాక్సీవే పక్కన గడ్డి కాస్త ఎక్కువ పచ్చగా ఉందని మనవాళ్ళకి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

ఎక్స్-ప్లేన్ వర్గం చిన్నదే గానీ తలెత్తుకు తిరుగుతుంది. ఆస్టిన్ మేయర్ అనే అమెరికన్ దీన్ని తయారుచేశాడు. రెక్కను ముక్కలుముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలం చూపిస్తుందో లెక్కగట్టి, అన్నీ కలిపి విమానం ఎటు పోవాలో తేలుస్తుంది. దీన్ని బ్లేడ్ ఎలిమెంట్ థియరీ అంటారు. నిజంగా గొప్ప పద్ధతే. ఈ వర్గంవారు ఆ మాట పలికేటప్పుడు గొంతు కాస్త తగ్గిస్తారు. మనం కూడా కళ్ళు మూసుకుని తలూపితే మర్యాదగా ఉంటుంది. వివరించమని మాత్రం అడగకండి, ఆ రోజు డ్యూటీకి ఆలస్యమవుతుంది.

వీటి మధ్య ప్రిపేర్‌త్రీడీ అని ఒక విచిత్ర సంతానం ఉంది. 2009 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన సిమ్యులేటర్ స్టూడియోను మూసేసింది. అప్పుడు యుద్ధవిమానాలు కట్టే లాక్‌హీడ్ మార్టిన్ ఆ కోడ్‌కి లైసెన్సు తీసుకుని శిక్షణ సాధనంగా అమ్మింది. అందులో ఒక షరతు పెట్టింది: దీన్ని వ్యక్తిగత వినోదానికి వాడకూడదు. అంటే కొనుక్కున్నవాడు సరదాపడితే ఒప్పందం ఉల్లంఘించినట్టే. దాంతో రిటైరైన పెద్దమనుషులు సైతం అకడమిక్ లైసెన్సు తీసుకుని, నవ్వు బయటకు రానీయకుండా, రాత్రి రెండింటిదాకా విద్యాభ్యాసం చేశారు. చదువు మీద ఇంత శ్రద్ధ ఉన్న సమాజం మరెక్కడా కనబడదు.

ఫ్లైట్‌గేర్ అని ఒకటుంది. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, 1990ల నుంచి వలంటీర్లు కట్టుకుంటూ వస్తున్నారు. ఉచితం కనుక దాన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. పెట్టుబడి లేకుండా ఎయిర్‌లైన్స్ పెట్టానంటే బంధువుల్లో పరువేం ఉంటుంది?

ఇక పాత వెర్షన్ వదలని పట్టుదల మనుషుల గురించి చెప్పుకోవాలి. 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వెర్షన్ ఎఫ్‌ఎస్‌ఎక్స్‌ను ఇప్పటికీ వాడేవారున్నారు. శంషాబాద్ విమానాశ్రయం తెరిచింది 2008 మార్చిలో. కనుక వీరి హైదరాబాద్‌లో ఇప్పటికీ బేగంపేటే గతి. ఔటర్ రింగ్ రోడ్డు టోల్ లేదు, రెండు గంటల ముందు బయల్దేరనక్కర్లేదు, దిగగానే ప్యారడైజ్. నాకైతే ఇందులో వెనకబాటుతనం ఏమీ కనబడదు. షికాగోలో మేగ్స్ ఫీల్డ్ అని సరస్సు గట్టున చిన్న విమానాశ్రయం ఉండేది, పాత మైక్రోసాఫ్ట్ వెర్షన్లు తెరవగానే విమానం ఆ రన్‌వే మీదే కనబడేది. 2003 మార్చిలో ఒక అర్ధరాత్రి నగర మేయర్ డేలీ బుల్‌డోజర్లు పంపి ఆ రన్‌వే మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వించాడు. నగరం పొమ్మన్న విమానాశ్రయాన్ని పాత సీడీలు దాచుకున్న వాళ్ళు పోనివ్వలేదు. అక్కడ ఇంకా రోజూ దిగుతున్నారు.

ఎఫ్‌ఎస్‌ఎక్స్‌తో ఒకే ఒక్క చిక్కు. అది 32 బిట్ల కాలం నాటిది, నాలుగు జీబీకి మించి మెమరీ వాడుకోలేదు. అందంగా ఉంటుందని విమానాశ్రయాలూ మేఘాలూ అదనంగా ఎక్కించినవాడికి రెండు గంటల ప్రయాణమంతా బాగానే సాగుతుంది. చివర్లో చక్రాలు దించి, రన్‌వే లైట్లు కనబడుతున్న క్షణాన మెమరీ నిండిపోయి, ఒక చిన్న కిటికీ తెరుచుకుని సారీ చెబుతుంది. నిజం ఎయిర్‌లైన్స్‌లో ఫ్లైట్ క్యాన్సిల్ అయితే బయల్దేరకముందు చెబుతారు. ఇక్కడ దిగేముందు చెబుతారు. తేడా అంతే.

ఈ సారీ చూసి చూసి విసిగినవాడు అప్‌గ్రేడ్ అనే రెండో ఆశ్రమంలోకి ప్రవేశిస్తాడు.

మైక్రోసాఫ్ట్ 2024 వెర్షన్ హాయిగా నడవాలంటే 64 జీబీ ర్యామ్, సెకనుకు వంద మెగాబిట్ల ఇంటర్నెట్ ఉంటే మేలని తయారీదారులే చెప్పారు. ఈ చీటీ పట్టుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారైన సీటీసీకి వెళ్ళినవాడికి జరిగే మర్యాద ఇలా ఉంటుంది.

"ఏం పనికి సార్? వీడియో ఎడిటింగా?"

"కాదు."

"ఏఐ నేర్చుకుంటున్నారా?"

"కాదండీ. ఫ్లైట్ సిమ్యులేటర్."

"ఓ, గేమా! మా మేనల్లుడూ ఆడతాడు సార్. ఇంత అక్కర్లేదు, సగం రేట్లో అయిపోద్ది."

ఇక్కడ కొనుగోలుదారు ముఖం చూడాలి. ఖర్చు తగ్గించే సలహా ఇచ్చిన షాపువాడి మీద అంత కోపం వేరే ఏ వ్యాపారంలోనూ రాదు. గేమ్ అన్నాడు చూడండీ! ఆ ఒక్క మాటకు పరిహారంగా ఇంకో మెట్టు పైన ఉన్న గ్రాఫిక్స్ కార్డు ప్యాక్ చేయించుకుని బయటపడతాడు.

ఇంటికి తెచ్చి బిగించాక అసలు సంగతి మొదలవుతుంది. 2024 నవంబర్ 19న ఆ వెర్షన్ విడుదలైన రోజు ప్రపంచమంతా ఒకేసారి తలుపు తట్టింది. సర్వర్లు చేతులెత్తేశాయి. లోడింగ్ గీత 97 శాతం దాకా వచ్చి ఆగిపోయిందని ఖండఖండాంతరాల నుంచి ఫిర్యాదులు. తయారీదారులు వెంటనే వీడియో పెట్టి కారణం చెప్పారు: రెండు లక్షల మంది వాడుకరులను సిమ్యులేట్ చేసి ముందే పరీక్షించాం, నిజంగా వచ్చినవాళ్ళు అంతకన్నా ఎక్కువ. ఈ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కాను. విమానాన్ని, గాలిని, మేఘాన్ని అనుకరించగలిగినవాళ్ళు చివరికి మనిషి తొందర దగ్గర దెబ్బతిన్నారు. మన సిమ్మర్లు మాత్రం ఆ 97 శాతాన్ని రాత్రంతా చూస్తూ కూర్చున్నారు. దట్టమైన పొగమంచులో ఢిల్లీ విమానాశ్రయం గేటు దగ్గర కూర్చున్న అనుభవం ఇంట్లోనే దొరికింది, పైగా సమోసా ధర మన వంటింటి ధరే.

కొత్త వెర్షన్ తెరవగానే ప్రపంచంలో ఏ మనిషైనా చేసే పని ఒక్కటే. పారిస్ చూడడు, హిమాలయాలు చూడడు. సొంత ఊరి మీదికి పోతాడు. కాలువ కనబడుతుంది, రైలు పట్టాలు కనబడతాయి, తన ఇల్లు ఉండాల్సిన చోట ఏదో మేడ కనబడుతుంది. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. ఫొటోలు చూసి భవనాలు ఊహించి కట్టే కృత్రిమ మేధ 2020లో లండన్‌లోని బకింగ్‌హాం ప్యాలెస్‌నే ఆఫీసు బిల్డింగు చేసి పారేసింది. మెల్‌బోర్న్‌లో రెండంతస్తుల ఇల్లు ఒకటి, మ్యాప్‌లో ఎవరో 2కి బదులు 212 అని కొట్టడంతో, ఆకాశాన్నంటే స్తంభంలా లేచి నిలబడింది. రాజుగారి కోటకే గతి లేనప్పుడు మీ మేనమామ పెంకుటిల్లు యథాతథంగా కనబడాలనడం అత్యాశ. పైగా 212 అంతస్తులకు మునిసిపల్ అనుమతి దొరికిన చోటు ప్రపంచంలో అదొక్కటే.

సాఫ్ట్‌వేర్‌తో వచ్చే విమానాలతో సరిపెట్టుకోవచ్చు గదా అని అమాయకులు అడుగుతారు. ఎయిర్‌బస్ ఏ320కి ఫ్లైబైవైర్ అనే వలంటీర్ల బృందం ఉచితంగా మంచి మోడల్ ఇస్తోంది కూడా. కానీ డబ్బు పెట్టి కొన్న విమానంలో ప్రతి స్విచ్చూ పనిచేస్తుంది. మా తోడల్లుడు అలాంటిది కొన్నాడు. దాన్ని ఆయన ఇంజిన్లు ఆన్‌లో ఉన్న స్థితి నుంచి ఎప్పుడూ మొదలుపెట్టడు, అది నామోషీ. దీపం కూడా లేని చల్లటి విమానంలోంచి మొదలుపెడతాడు. ముందు బ్యాటరీ వన్, బ్యాటరీ టూ. తర్వాత గ్రౌండ్ పవర్. తర్వాత పై ప్యానెల్‌లో మూడు నాబ్‌లు ఒక్కొక్కటిగా తిప్పుతాడు. నిజం విమానంలో అవి తిప్పాక, లోపలి జైరోలు భూమి తిరుగుడును పసిగట్టి విమానం ఏ దిక్కుకు తిరిగి ఉందో తేల్చుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, దీన్నే అలైన్ అవడం అంటారు, అంతవరకు విమానాన్ని కదపకూడదు. సిమ్యులేటర్‌లో జైరోలు లేవు. విమానం ఎక్కడుందో కంప్యూటర్‌కి ముందే తెలుసు, అక్కడ పెట్టింది అదే కాబట్టి. అందుకే సెట్టింగుల్లో తక్షణం, త్వరగా, యథార్థం అని మూడు దారులిచ్చారు. మా తోడల్లుడు యథార్థం పెట్టుకున్నాడు.

ఆ నిమిషాల్లోనే వంటింట్లోంచి పిలుపు.

"ఏవండీ, గ్యాస్ బండ అబ్బాయి వచ్చాడు. కాస్త లోపల పెట్టించండి."

"అలైన్ అవుతోంది, కదలకూడదు. ఆగమను."

"మీరు కదిలితే విమానం కదులుతుందా?"

ఇంత సూటి సాంకేతిక ప్రశ్న ఆయనను ఇంతవరకు ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదు. బండ అబ్బాయి ఆగలేదు, మెట్ల దగ్గర దించి వెళ్ళిపోయాడు. విమానం మాత్రం కచ్చితంగా అలైన్ అయింది. అప్పటికి భోజనాల వేళ కావడంతో సర్వీసు రద్దు చేశారు.

మెయింటెనెన్స్ కూడా చెప్పుకోవాలి. విమానయానంలో దారుల, రేడియోల, రన్‌వేల సమాచారం ప్రపంచమంతటా 28 రోజులకొకసారి మారుతుంది. నిజం పైలట్లు కొత్త డేటా ఎక్కించుకుంటారు. ఇంటి పైలట్లు కూడా చందా కట్టి ఎక్కించుకుంటారు. పోయిన నెల డేటాతో శంషాబాద్ నుంచి గన్నవరం వెళ్ళామన్న విషయం బయటపడితే ఎంత తలవంపులు! ఈ టెన్షన్‌లో కరెంటు బిల్లు గడువు దాటిపోతుంది, కారు ఇన్సూరెన్సు ముగిసిపోతుంది. గగనతలానికి సంబంధించిన కాగితాలన్నీ సక్రమంగా ఉంటాయి.

ఎగరడం ఎప్పుడు మరి అంటారా? అన్నీ సర్దుకున్న రోజు ఎగురుతారు. కానీ అప్పుడు చూపు ఆకాశం మీద ఉండదు. తెర మూలన సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చెప్పే అంకె ఉంటుంది, దాని మీద ఉంటుంది. గోదావరి మీద సూర్యాస్తమయం అవుతోంది, అంకె 43. నీడల నాణ్యత తగ్గిస్తే 48. మేఘాలు తగ్గిస్తే 55. ఈ లెక్కన గోదావరిని కూడా తగ్గించేస్తే అరవై దాటేది, ఆ సదుపాయం ఇంకా ఇవ్వలేదు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 200 గంటలు ఎగిరి ఉండాలంటుంది. సెట్టింగుల పేజీలో గడిపిన గంటలను కలుపుకుంటే మా వర్గంలో కెప్టెన్ కానివాడు ఉండడు. ఆ గంటలను పరిగణనలోకి తీసుకోవాలని ఎవరైనా పిల్ వేస్తే సంతకం పెట్టడానికి నేను సిద్ధం.

ఇంట్లో అనుమతుల విషయంలో ఒక సూచన. పెద్ద మొత్తాన్ని ఒకేసారి బోర్డు ముందు పెట్టకూడదు. జాయ్‌స్టిక్ పుట్టినరోజుకి, పెడల్స్ దసరాకి, గ్రాఫిక్స్ కార్డు "పిల్లల కోడింగ్ క్లాసుకి". మానిటర్ ఆఫీసు ఖాతాలో. నిజం ఎయిర్‌లైన్స్ ఆడిటర్లు కూడా ఇంత నేర్పుతో వేసిన పద్దులు చూసి ఉండరు.

ఈ క్రమశిక్షణ అంతా కొత్త తరానికి అందుతుందా అన్న దిగులు మాత్రం ఉంది. మా అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఎనిమిదో తరగతి కుర్రాడొకడున్నాడు. వాళ్ళక్క పాత ల్యాప్‌టాప్ మీద, ఆ ఉచితం ఫ్లైట్‌గేర్‌లో, కీబోర్డు బాణాలతో, హోంవర్కు అయ్యాక రోజూ సాయంత్రం చిన్న సెస్నా విమానం వేసుకుని ఎక్కడికో అక్కడికి పోయివస్తుంటాడు. విచారణ నిమిత్తం వెళ్ళాను.

"ఏ వెర్షన్‌రా?"

"తెలీదంకుల్."

"ఫ్రేములెన్ని వస్తున్నాయి?"

"అవేంటంకుల్? ఒక్క నిమిషం, ల్యాండ్ చేస్తున్నా."

దించేశాడు. రెండుసార్లు ఎగిరి దూకింది గానీ రన్‌వే మీదే ఆగింది. ఇంజిన్ ఆపలేదు, చెక్‌లిస్ట్ చదవలేదు, మళ్ళీ తిప్పి టేకాఫ్ తీసుకున్నాడు. ఆదివారం వాళ్ళ నాన్నగారిని కలిసి పరిస్థితి వివరించాలి.